పన్ను పీకించుకున్నాక ఎన్నో రోజు?

పన్ను పీకించుకున్న మూడో రోజున తిరిగివచ్చిన మనిషి, మూడో వారంలో వచ్చిన మనిషి, మూడో నెలలో వచ్చిన మనిషి దంతవైద్యుల ముందు కూర్చుని చెప్పే మాట దాదాపు ఒక్కటే: "పుండు మానలేదండీ." మాట ఒక్కటే అయినా దాని వెనక ఉన్న సంగతులు వేరు. మొదటివారికి గుంతలోని నెత్తురు గడ్డ కరిగిపోయి ఎముక బయటపడి ఉండవచ్చు. రెండోవారికి అసలు ఏ జబ్బూ లేకపోవచ్చు. గుంత పూడడానికి ఎన్నాళ్ళు పడుతుందో వారికి ఎవరూ చెప్పి ఉండరు. మూడోవారి విషయంలో మాత్రం ఎక్స్‌రే, రక్తపరీక్ష, కొన్నిసార్లు ముక్క పరీక్ష (బయాప్సీ) దాకా వెళ్ళక తప్పదు. అందుకే చిగురు మానడం లేదని ఎవరైనా అంటే, నొప్పి ఎంత ఉందని అడగడానికి ముందు పన్ను తీసి ఎన్ని రోజులైందని అడగడం మేలని నేననుకుంటాను. నొప్పి మనిషినిబట్టి మారుతుంది కాని తేదీ మారదు.

ముందుగా, మానడం అంటే నోట్లో ఏం జరగాలో చూద్దాం. చెయ్యి తెగితే డాక్టరు అంచులు రెండూ దగ్గరికి చేర్చి కుట్లు వేస్తారు. పన్ను తీసిన చోట అలా చేర్చడానికి సాధారణంగా వీలుండదు. అది నోరు తెరిచిన చిన్న బావిలా ఉండిపోతుంది, చుట్టూ గోడలన్నీ ఎముకే. ఆ బావి మొదట నెత్తురుతో నిండుతుంది, కొద్ది నిమిషాల్లో ఆ నెత్తురు గడ్డ కడుతుంది. ఈ గడ్డ రెండు పనులు చేస్తుంది: కింద ఉన్న ఎముకకూ నరాల కొసలకూ కప్పుగా ఉంటుంది, కొత్త కణాలు పాకి రావడానికి పందిరిగా కూడా ఉపయోగపడుతుంది. వారం తిరిగేసరికి గడ్డ స్థానంలో సన్నని రక్తనాళాలతో నిండిన ఎర్రటి కొత్త కండ పెరుగుతుంది. చిగురు అంచులు దాని మీదుగా నెమ్మదిగా పాకి, ఒక వేరున్న ముందు పళ్ళ దగ్గరైతే మూడు నాలుగు వారాల్లో, రెండు మూడు వేళ్ళున్న దవడ పళ్ళ దగ్గరైతే ఐదారు వారాల్లో పైకప్పు మూసుకుంటాయి. లోపల ఎముక అడుగునుంచీ పక్కలనుంచీ పూడుకుంటూ రావడానికి నెలలు పడుతుంది. ఎక్స్‌రేలో పాత గుంత గీత చెరిగిపోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. ఈలోగా ఆ చోట దవడ గట్టు సన్నబడుతుంది. మొదటి ఏడాదిలో దాని వెడల్పు సగానికి సగం తగ్గిపోతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే తగ్గుతుంది. "చిగురు లోపలికి పోయింది" అని చాలామంది కంగారు పడే ఈ మార్పు జబ్బు కాదు. పన్ను లేని ఎముక కుంచించుకుపోవడం దాని స్వభావం.

ఈ వ్యవధి తెలియకపోవడంవల్ల పుట్టే భయాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది తెల్లటి పొర గురించి. నాలుగో రోజునో ఐదో రోజునో సెల్‌ఫోన్ టార్చి వేసి అద్దంలో చూసుకుంటే గుంత మీద తెల్లగానో లేత పసుపుగానో ఒక పొర కనిపిస్తుంది. అది చీము అనుకుని, పుల్లతోనో చెవిలో పెట్టుకునే దూది పుల్లతోనో గీకేవారున్నారు. మోకాలికి తగిలిన దెబ్బ మీద కట్టే పక్కు, తడిలో నాని తెల్లబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నోట్లో కనిపించేది దాదాపు అదే. గీకితే మానుతున్న గాయాన్ని మళ్ళీ మొదటికి తెచ్చినట్టే. నిజంగా చీము అయితే తీరు వేరు: పక్కన నొక్కితే ఊరి వస్తుంది, నోట్లో చేదుగా కంపుగా తగులుతుంది, చిగురో బుగ్గో వాచి ఉంటుంది, నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది. నొప్పి తగ్గుతూ పోతుండగా తెల్లటి పొర మాత్రం ఉంటే దాన్ని దాని మానాన వదిలేయడమే సరైన వైద్యం.

మొదటి రోజు సమస్య మానడం కాదు, నెత్తురు. దూదిమడత పెట్టి ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకోమంటే, చాలామంది పది నిమిషాలకొకసారి తీసి చూసుకుని కొత్తది పెట్టుకుంటారు. ఆ చూడడంతోనే అప్పుడప్పుడే అంటుకుంటున్న గడ్డ ఊడివస్తుంది. పైగా మనలో చాలామందికి నోట్లో ఊరిన నెత్తురు ఎంగిలి మింగడమంటే రోత. వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఉమ్ముతూనే ఉంటారు. ఉమ్మిన ప్రతిసారీ బుగ్గలు లోపలికి లాగి గడ్డను కదిలిస్తాయి. గొట్టంతో కొబ్బరినీళ్ళు తాగినా, చుట్ట గట్టిగా పీల్చినా జరిగేది ఇదే. ఎంగిలిలో ఒక్క చుక్క నెత్తురు కలిసినా నోరంతా ఎర్రబడినట్టు కనిపిస్తుంది కాబట్టి, మొదటి రోజంతా ఎంగిలి లేత గులాబీ రంగులో ఉంటే భయపడనవసరం లేదు. అలా కాక నోరు నిండేలా నెత్తురు ఊరుతున్నా, గుంత మీద కార్జపు ముక్కలాంటి నల్లెర్ర ముద్ద లేచి ఊగుతున్నా, దాన్ని తీసివేసి, శుభ్రమైన గాజుగుడ్డను మడిచి సరిగ్గా గుంత మీదే పెట్టి అరగంట పైగా కొరికి పట్టాలి. అయినా ఆగకపోతే తెల్లవారేదాకా ఎదురుచూడకూడదు.

గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతున్నవారు, కవాటం మార్పించుకుని వార్ఫరినో అసినోకౌమరాలో వాడుతున్నవారు పన్ను కోసం నెత్తురు పలచబరిచే ఆ మందులు సొంతంగా మానేయడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. చిగురునుంచి కారే నెత్తురును నొక్కి, కుట్టి, మందు గుడ్డ పెట్టి ఆపవచ్చు. మందు మానేసినందువల్ల గుండెలోనో మెదడులోనో కట్టిన గడ్డను అలా ఆపలేం. స్కాట్లండ్ దంతవైద్య మార్గదర్శకాల్లోనైతే, ఐఎన్ఆర్ (నెత్తురు ఎంత ఆలస్యంగా గడ్డ కడుతుందో చూపే కొలత) 4 కంటే తక్కువ ఉన్నవారికి మామూలుగా పన్ను తీయడానికి వార్ఫరిన్ ఆపనవసరం లేదని ఉంది. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరూ పళ్ళ డాక్టరూ మాట్లాడుకుని తేల్చవలసిన విషయం.

ఇక మూడో రోజు. దంతవైద్యులు డ్రై సాకెట్ అని పిలిచేది సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మొదలవుతుంది. ఆ పేరును మొదట వాడినవాడు క్రాఫర్డ్ అనే అమెరికా దంతవైద్యుడు, 1896లో. 'ఎండు గుంత' అన్న అర్థం వచ్చే ఆ పేరు చూడడానికి తగినదే: నెత్తురు గడ్డ ఉండవలసిన చోట ఖాళీ గుంత, అడుగున బూడిదరంగు ఎముక, చుట్టూ ఎర్రబడ్డ చిగురు. సాధారణంగా చీము ఉండదు, జ్వరం ఉండదు, పెద్ద వాపూ ఉండదు. ఉండేది నొప్పి, దుర్వాసన, నాలుక మీద పాడు రుచి.

ఆ నొప్పిని నేను ఎరుగుదును. కింది జ్ఞానదంతం తీయించుకున్న రెండో రోజు పెరుగన్నం తిని, ఇక గండం గడిచిందనుకున్నాను. మూడో రాత్రి పన్నెండింటికి చెవిపోటుతో మెలకువ వచ్చింది. పన్ను సంగతి అసలు తోచలేదు. ఎందుకంటే నొప్పి దవడ అడుగునుంచి చెవిలోకి, అక్కడినుంచి కణతలోకి సలుపుతోంది. నొప్పి మాత్ర వేసుకుంటే గంటన్నర కాస్త మందగించి మళ్ళీ మొదలైంది. తెల్లవారి డాక్టరుగారు గుంతను గోరువెచ్చని సెలైన్‌తో సిరంజి పెట్టి కడిగితే అందులోంచి రెండు మెతుకులు బయటికి వచ్చాయి. ఆ తరువాత లవంగం వాసన వేసే గోధుమరంగు నారలాంటి ముద్దను చిమటాతో లోపల పెట్టారు. పది నిమిషాల్లో, అంటే బిల్లు కట్టి మెట్లు దిగేలోపే, రాత్రంతా ఉన్న సలుపు ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయింది. నొప్పికి కారణం గుంతలో ఉంటే వైద్యమూ గుంతలోనే జరగాలి కాని కడుపులోకి ఎన్ని మాత్రలు వేసినా ప్రయోజనం తక్కువేనని నాకు అర్థమైంది ఆ మెట్ల మీదే.

గడ్డ ఎందుకు పోతుంది? చాలాకాలం దీన్ని మనిషి అజాగ్రత్తగానే చూశారు: పుక్కిలించారు, ఉమ్మారు, చుట్ట తాగారు, అందుకే ఊడిపోయిందని. 1970లలో డెన్మార్క్‌కు చెందిన బిర్న్ చూపించింది వేరు. గడ్డ ఊడిపోవడం కంటే కరిగిపోవడమే ఎక్కువ. ఎముక బాగా నలిగినప్పుడు, లేదా ముందునుంచే చీము ఉన్నప్పుడు, అక్కడి కణజాలం విడుదల చేసే పదార్థాలు నెత్తురులోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తాయి. ఆ ప్లాస్మిన్ గడ్డలోని ఫైబ్రిన్ పోగులను తెంపేస్తుంది. ఈ వివరణతో చాలా విడి సంగతులు ఒక్క దారిలోకి వస్తాయి. పై దవడ ఎముక గుల్లగా, నెత్తురు బాగా అందేదిగా ఉంటుంది. కింది దవడ ఎముక దట్టమైనది. కాబట్టి కింది దవడ పళ్ళ దగ్గరే ఇది ఎక్కువ. మామూలుగా తీసిన పళ్ళలో నూటికి ఒకటినుంచి ఐదింటికి వచ్చే ఈ సమస్య, ఎముక కోసి తీయవలసివచ్చిన కింది జ్ఞానదంతాల్లో కొన్ని పరిశీలనల ప్రకారం నూటికి ముప్పై దాకా ఉంది. పొగ తాగేవారికి నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి గుంతలోకి సరిపడా నెత్తురే రాదు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో గడ్డ కరిగే గుణం పెరుగుతుంది కాబట్టి వారికీ ప్రమాదం ఎక్కువ. తొందర లేని పన్నైతే మాత్రల చక్రంలో చివరి వారానికి వాయిదా వేసుకోవడం మంచిదని కొందరు వైద్యులు సూచిస్తారు. రోగి తప్పు ఒక్కటే కారణం కాదు, డాక్టరు తప్పు ఒక్కటే కూడా కాదు. పన్ను తీయడంలో ఎముక ఎంత నలిగిందన్నదానికి వాటా ఉన్నట్టే, ఆ పన్ను ఎంత మొండిదన్నదానికీ వాటా ఉంది.

డ్రై సాకెట్‌లో చాలామంది ముందుగా చేసేది మెడికల్ షాపుకు వెళ్ళి యాంటీబయాటిక్ అడగడం. ఇది క్రిములు దండెత్తిన ఇన్ఫెక్షన్ కాదు, కప్పు పోయిన ఎముక. జ్వరం, వాపు, చీము లేనప్పుడు అమోక్సిసిలిన్‌కు అక్కడ చేయగల పని పెద్దగా లేదు. నొప్పికి ఐబుప్రొఫెన్‌నూ పారాసెటమాల్‌నూ కలిపి వాడితే రెండింటిలో ఒక్కదానికంటే బాగా పనిచేస్తుందని తేలింది. కాని అల్సరూ కిడ్నీ జబ్బూ ఉన్నవారు, గర్భిణులు, పైన చెప్పిన నెత్తురు పలచబరిచే మందులు వాడేవారు ఐబుప్రొఫెన్ జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. ఇంట్లో లవంగ నూనె పూయడం గురించి ఒక్క మాట. డాక్టరు పెట్టిన ముద్దలో ఉండేదీ లవంగంలోని యూజినాలే కాబట్టి మన అమ్మమ్మల వైద్యంలో పస లేకపోలేదు. అయితే చిక్కటి నూనెను దూదితో పచ్చి చిగురుకు అదిమి పెడితే అది చిగురును కాల్చి తెల్లగా పొక్కిస్తుంది, ఎముకకూ మంచిది కాదు. ఇక క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పన్ను తీయడానికి ముందూ తరువాతా పుక్కిలిస్తే డ్రై సాకెట్ రావడం తగ్గుతుందన్నది నిజమే. కాని అదే ద్రవంతో తెరిచి ఉన్న గుంతను కడిగినప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చి బ్రిటన్‌లో ఇద్దరు చనిపోయిన తరువాత, గుంత కడగడానికి మామూలు సెలైనే మేలని అక్కడి వైద్యులు హెచ్చరించారు. ఏ మందూ పెట్టకపోయినా డ్రై సాకెట్ వారం పది రోజుల్లో దానంతటది మానుతుంది. మందు ముద్ద చేసేది ఆ పది రోజులను భరించగలిగేలా చేయడం.

తిండి విషయంలో మన ఇళ్ళలో ఉన్న పత్యాలు గాయానికి సాయం చేయడం కంటే మనిషిని నీరసపరచడమే ఎక్కువ. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర తింటే పుండు మానదని పెద్దవాళ్ళు అంటారు. కొత్త కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. మెత్తగా ఉడికిన ముద్దపప్పు, పెరుగన్నం, గుడ్డు అందుకు చక్కగా సరిపోతాయి. మానుకోవలసినవి జంతికలు, వేరుశనగలు, అటుకుల మిక్చర్ లాంటి గుచ్చుకునేవి. ఒక రోజు గడిచాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, బుగ్గలు ఊదకుండా నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయాలి. రెండో వారంనుంచి దవడ పన్ను గుంతలో మెతుకులు ఇరుక్కుంటే సూది తీసేసిన సిరంజితో అదే ఉప్పునీటిని మెల్లగా కొట్టి కడుక్కోవచ్చు.

మొదటి వారం చివర వచ్చే ఇన్ఫెక్షన్ డ్రై సాకెట్ కంటే అరుదు కాని దానికంటే ప్రమాదకరం. పన్ను తీసిన తరువాతి వాపు రెండో మూడో రోజుకు పెరిగి ఆ పైన తగ్గాలి. తగ్గిన వాపు మళ్ళీ లేచినా, జ్వరం వచ్చినా, నోట్లో రెండు చేతివేళ్ళు కూడా పట్టనంతగా దవడ పట్టేసినా చీము లోతుకు దిగుతోందని అర్థం. కింది దవడ కిందుగా రెండు పక్కలా గట్టిపడి, నాలుక పైకి లేచి, ఎంగిలి మింగలేక కారిపోతుంటే అది 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన స్థితి. ఊపిరి గొట్టం మూసుకుపోయే ప్రమాదం గంటల్లోనే రావచ్చు. ఆ మనిషిని పళ్ళ క్లినిక్కుకు కాదు, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళాలి.

రెండో వారంనుంచి ఆరో వారందాకా వచ్చేవాటిలో చాలావరకు చిన్న సంగతులే. చిగురులోంచి బియ్యపు గింజంత ఎముక పలుకు పొడుచుకువచ్చి నాలుకకు గీసుకుంటుంది. వేరు ముక్క మిగిలిపోయిందని జనం అనుకుంటారు గాని ఎక్కువసార్లు అది గుంత గోడనుంచి విడిపోయిన పలుకే. అది తనంతట తాను రాలుతుంది, లేదా డాక్టరు ఒక నిమిషంలో తీసేస్తారు. వేరు ముక్క నిజంగానే మిగిలి ఉంటే ఎక్స్‌రేలో తెలుస్తుంది. చీము లేని చిన్న కొసను నరానికి దగ్గరగా ఉందని కావాలనే వదిలేయడమూ ఉంది, కాకపోతే ఆ విషయం రోగికి చెప్పి తీరాలి. చిన్నది కానిది ఒకటుంది. పై దవడ పళ్ళ వేళ్ళు ముక్కుతో కలిసి ఉండే సైనస్ అనే గాలి గదికి అతి దగ్గరగా ఉంటాయి. పన్నుతోబాటు ఆ పలచని ఎముక ఊడివస్తే నోటికీ ముక్కుకూ దారి ఏర్పడుతుంది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి కారడం దాని గుర్తు. రెండు మిల్లీమీటర్లలోపు కన్నమైతే, రెండు వారాలు ముక్కు చీదకుండా, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్ముతూ ఉంటే, సాధారణంగా దానంతటదే మూసుకుంటుంది. పెద్దదైతే బుగ్గవైపు చిగురును జరిపి కుట్టవలసివస్తుంది.

రెండు నెలలు దాటినా ఎముక కనిపిస్తూనే ఉంటే వెతకవలసిన చోటు గుంతలో కాదు, మనిషి వాడుతున్న మందుల్లో, పాత చికిత్సల్లో. నాకు తెలిసిన ఒక పెద్దమ్మగారిని పన్ను తీసేముందు "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే "బీపీ బిళ్ళ ఒక్కటే నాయనా" అన్నారు. మూడు నెలలకు కింది చిగురులో పసుపుతెల్లటి ఎముక గట్టు బయటపడి ఉన్నప్పుడు, ఆమె కోడలికి గుర్తొచ్చింది: ఏడాదికోసారి ఎముకల బలానికి సెలైన్‌లో ఏదో ఎక్కిస్తారని. ఆమె దృష్టిలో అది మందు కాదు, బలం. అది జోలెడ్రోనిక్ ఆమ్లం. ఎముకను కరిగించే కణాలను అది అణచిపెడుతుంది. గుల్లబారిన ఎముకకు అదే మేలు, కాని పన్ను గుంత మానాలంటే పాత ఎముక కొంత కరిగి కొత్తది కట్టాలి, ఆ పని కుంటుపడుతుంది. ఈ సంబంధాన్ని 2003లో మయామీకి చెందిన రాబర్ట్ మార్క్స్ 36 మంది రోగుల వివరాలతో ముందుకు తెచ్చారు. ఎముకల బలానికే ఆరునెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌తోనూ ఇదే ఇబ్బంది వస్తుందని తరువాత తెలిసింది. దవడకు రేడియేషన్ తీసుకోనివారిలో ఎనిమిది వారాలు దాటి ఎముక బయట ఉంటేనే దీన్ని మందువల్ల వచ్చిన ఎముక కుళ్ళుగా లెక్కిస్తారు.

దీన్ని చదివి ఎముకల మందు మానేయబోయేవారు ఆగాలి. ఎముకల గుల్లతనానికి వాడేవారిలో ఈ సమస్య నూటికి ఒకరికంటే తక్కువమందికే వస్తుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినందుకు పెద్ద మోతాదులో నెలనెలా తీసుకునేవారిలోనే ఎక్కువ. డెనోసుమాబ్‌ను ఉన్నట్టుండి ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. చేయవలసింది ఒక్కటే: ఆ మందు మొదలుపెట్టేముందే పాడైన పళ్ళు తీయించేసుకోవడం, మొదలుపెట్టాక ఆ సంగతి పళ్ళ డాక్టరుకు చెప్పడం.

చరిత్రలో దీనికి ఒక అన్న ఉన్నాడు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్ అగ్గిపెట్టెల కర్మాగారాల్లో తెల్ల ఫాస్ఫరస్ పొగ పీల్చిన కార్మికుల దవడ ఎముకలు ఇలాగే కుళ్ళి బయటపడేవి. పుచ్చుపళ్ళున్నవారికీ, పన్ను తీయించుకున్నవారికీ అది ముందు వచ్చేది. 1888లో లండన్ అగ్గిపుల్లల కర్మాగారపు ఆడపిల్లలు సమ్మె చేసిన కాలానికి ఆ జబ్బు అందరికీ తెలిసినదే. 1906 బెర్న్ ఒప్పందంతో తెల్ల ఫాస్ఫరస్ అగ్గిపుల్లల మీద నిషేధం మొదలైంది. నూరేళ్ళ తరువాత అదే రూపం ఆసుపత్రి మందునుంచి తిరిగి రావడం చూసి వైద్యులు ఆశ్చర్యపోయారు.

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారిది మరో తీరు. కిరణాలు తగిలిన ఎముకలో సన్నని రక్తనాళాలు పూడుకుపోతాయి, ఆ ఎముకకు గాయం మాన్పుకునే శక్తి జీవితాంతం తక్కువగానే ఉంటుంది. పదేళ్ళ క్రితం తీసుకున్న రేడియేషన్ అయినా పన్ను తీసే డాక్టరుకు చెప్పాలి. అందుకే రేడియేషన్ మొదలయ్యే రెండు మూడు వారాల ముందే నిలబడని పళ్ళన్నీ తీసేయడం ఆనవాయితీ.

చక్కెర జబ్బు సంగతి ఇంత సూటిగా ఉండదు. భారతీయ వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే 2023లో దేశంలో 10.1 కోట్లమంది మధుమేహులున్నారని లెక్కకట్టింది కాబట్టి, పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చునే ప్రతి నడివయసు మనిషినీ ఆ ప్రశ్న అడగవలసిందే. "సుగరుంటే పన్ను పీకకూడదు" అన్న మాట మాత్రం తప్పు. చక్కెర అదుపులో ఉన్నవారి గుంత దాదాపు అందరిదిలాగే మానుతుంది. అదుపు తప్పినప్పుడే తెల్లరక్తకణాలు మందగించి, ఇన్ఫెక్షన్ ముదురుతుంది. 2021 కరోనా రెండో కెరటంలో, స్టెరాయిడ్లు వాడిన మధుమేహులకు పై దవడ పళ్ళు ఒక్కసారిగా కదిలి, తీసిన గుంతలు మానక, ఎముక నల్లబడడం తెలుగు రాష్ట్రాలూ చూశాయి. హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ బ్లాక్ ఫంగస్ కోసమే కేటాయించారు. పై దవడలో మానని గుంత, బుగ్గ మొద్దుబారడం, ముక్కులోంచి నల్లటి చీమిడి కలిసి వస్తే ఇప్పటికీ ఒక్క రోజు కూడా ఆగకూడదు.

చివరికి మిగిలేది అందరూ ఒప్పుకోవడానికి జంకే అనుమానం: క్యాన్సర్. కొన్నిసార్లు పన్ను తీసినందువల్ల పుండు పడదు. పుండు ముందే ఉండబట్టి పన్ను కదిలి ఉంటుంది. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ ఒక బుగ్గనే పెట్టుకునేవారికి ఆ వైపు ఒక్క పన్నే కదలడం మొదలైతే, చిగుళ్ళ జబ్బు అనుకుని పీకేస్తారు; కొన్ని వారాలకు గుంత పూడకపోగా అందులోంచి పువ్వులాంటి కండ పైకి పెరుగుతుంది, ముట్టుకుంటే నెత్తురు వస్తుంది, పెదవి తిమ్మిరెక్కుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఉన్న ఆడవారిలో అంగిలి మీద వచ్చే మచ్చలూ పుండ్లూ పై పళ్ళ గట్టు దాకా పాకవచ్చు. పోకచెక్క నమలడంవల్ల నోరు బిగుసుకుపోయినవారి చిగుళ్ళ కింద పొర పీచుగా మారి, నెత్తురు సరిగా అందక, మామూలు గుంత కూడా ఆలస్యంగా మానుతుంది. అలాంటి నోట్లో ఏది ఆలస్యం, ఏది జబ్బు అని కంటితో చూసి తేల్చడం ఎంత అనుభవమున్నవారికైనా కష్టం.

అందుకని మూడు వారాలు దాటినా మానే దిశగా కదలని గుంతను, అందులోనూ కండ పెరుగుతున్న గుంతను, మళ్ళీ ఒక వారం యాంటీబయాటిక్ రాసి పంపకుండా, హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో ఉన్నటువంటి నోటి శస్త్రచికిత్స విభాగానికి పంపాలి. అక్కడ ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి, గుంతలోని కండను చిన్న గరిటెలాంటి పరికరంతో గీకి తీస్తారు. తీసినదాన్ని దూదిలో చుట్టి చెత్తబుట్టలో వేయకుండా ఫార్మలిన్ సీసాలో వేసి, పేరూ తేదీ రాసి ల్యాబుకు పంపుతున్నారా అని రోగి వెంట వచ్చినవారు మర్యాదగానే అడగవచ్చు. సీసా మీద రాసే ఆ తేదీ పక్కనే పన్ను తీసిన తేదీని కూడా రాయించండి. మైక్రోస్కోపు కింద చూసేవారికి ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా తెలియాలి.